రెండంగుళాల చావు

ఇంజను ముందు చక్రాలు వంతెన మీద ఉన్నాయి. మిగతా రైలంతా గట్టు మీద ఉంది. ముందుకు కదిపితే ఏమవుతుందో ఇంజను డ్రైవరుకు తెలియదు. వెనక్కి లాగితే ఏమవుతుందో అసలే తెలియదు. అందుకని బ్రేకు మీద చెయ్యి తియ్యకుండా, ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తూ నిలబడ్డాడు.

కింద రోడ్డు మీద ఒక లారీ వంతెన దూలానికి గుద్దుకుని ఆగిపోయి ఉంది. దాని మీద అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద బాయిలరు. బాయిలరు వీపు దూలంలోకి దిగబడి ఉంది.

"దిగండి. సామాన్లు తరవాత చూసుకోవచ్చు. మెల్లగా దిగండి," అని గార్డు పెట్టె పెట్టెకూ వెళ్ళి చెబుతున్నాడు. గొంతు పెంచడం లేదు. గొంతు పెంచితే ఆ చప్పుడుకే వంతెన ఊడి పడుతుందేమోనన్నట్టుంది అతని వాలకం.

డిటెక్టివ్ త్రినాధరావు తునిలో ఒక కేసు ముగించుకుని విశాఖపట్నం తిరిగి వెళుతూ చివరి పెట్టెలో నిద్రపోయాడు. బ్రేకుల కుదుపుకు బెంచీ మీది నుంచి కిందపడితే గాని మెలకువ రాలేదు. ముందు సంగతేమిటో తెలుసుకుని గార్డు ఈ చివరకు వచ్చేసరికి గంట దాటింది. కిటికీలోంచి చూస్తే చెరకు తోటలు. ఇంకాస్త ముందుకు వెళితే అనకాపల్లి స్టేషను. జనం పిల్లల్ని చంకనేసుకుని తోటల్లోకి పరుగెడుతున్నారు. విశాఖపట్నం మీద జపాను వాళ్ళ బాంబులు పడి రెండేళ్ళు దాటినా, ఆ పరుగు జనానికి ఇంకా అలవాటు తప్పలేదు.

అతను మాత్రం జనానికి ఎదురు నడిచి, గట్టు దిగి రోడ్డు మీదికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే పైన దూలంలో చిటచిటమని సన్నని చప్పుడు అయింది. గుప్పెడు దుమ్ము రాలింది. రోడ్డు మీద ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

జరగని మనిషి ఒక్కరే. వంతెనకు కాస్త ఇవతల గోనెపట్టా కప్పిన శవం ఉంది. దాని పక్కన ఎండుచేపల బుట్ట పెట్టుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఏడవడం లేదు. శవం మీద వాలే ఈగల్ని కొంగుతో తోలుతోంది.

"వచ్చారా? ఎక్కడ శవం ఉంటే అక్కడ ఈగలూ మీరూ," అన్నాడు వెనక నుంచి ఎవరో.

అనకాపల్లి నుంచి ముందే వచ్చిన రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టర్ సన్యాసిరావు. పోయినేడు ఎలమంచిలి దొంగతనం కేసులో అతను పట్టుకున్న మనిషిని నిర్దోషి అని నిరూపించి విడిపించాడు త్రినాధరావు. అప్పటి నుంచి ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కిట్టదు.

"ఈగలు ముందే వచ్చాయి. నేనే ఆలస్యం," అన్నాడు త్రినాధరావు. "ఏం జరిగింది?"

"మీకు పని లేదు. నేరం కళ్ళ ముందుంది. చేసినవాడు తాడు చివర ఉన్నాడు."

తాడు ఒక కొస టెలిగ్రాఫు స్తంభానికి, రెండో కొస ఒక మనిషి నడుముకు కట్టి ఉన్నాయి. ముప్పై ఏళ్ళుంటాయి. నుదురు చిట్లి రక్తం చెంప మీద ఎండిపోయింది. లారీ డ్రైవరు అప్పలరాజు.

"చచ్చిపోయింది ఎర్రయ్య, ఈ వంతెనకు కావలివాడు," అన్నాడు సన్యాసిరావు. "లారీ గుద్దిన దూలం నుంచి పెచ్చు ఊడి నెత్తిన పడింది. వీడు మామూలు డ్రైవరు కాదండోయ్. నలభై రెండు క్విట్టిండియా గొడవల్లో తంతితీగలు కోసి జైలుకెళ్ళిన బాపతు. ఇప్పుడు తీగలు చాలక వంతెనకే ఎసరు పెట్టాడు. యుద్ధ సామగ్రి వెళ్ళే లైను ఇది. వాల్తేరు నుంచి మిలిటరీ వ్యాను బయలుదేరింది. వాళ్ళకు అప్పగిస్తాను. ఆ తరవాత సంగతి మీకు తెలుసుగా?"

సన్యాసిరావు మాటతో ఆగక, తన మెడ చుట్టూ వేలితో ఒక గీత గీసి చూపించాడు. అది చూసి అప్పలరాజు కళ్ళు మూసుకున్నాడు.

"వ్యాను వచ్చేదాకా నాలుగు ప్రశ్నలు అడుగుతాను. అభ్యంతరమా?"

"అడుక్కోండి. అడుక్కునేవాళ్ళను నేనెప్పుడూ కాదనను."

త్రినాధరావు స్తంభం దగ్గరకు వెళ్ళాడు. "అప్పలరాజూ, బాయిలరు ఎక్కడికి?"

"రావికమతం కాడ కొత్తగా పెడుతున్న బెల్లం మిల్లుకి బాబూ. టేసన్లో గూడ్సు షెడ్డు కాడ ఎక్కించేరు."

"ఎత్తు చూసుకోకుండానే బయలుదేరావా?"

"సూసుకోకపోడమేటి బాబూ. పెద్ద లోడుకి ఓవర్సీరు బాబుగారు కర్ర పెట్టి కొలిసి, పోవచ్చంటేనే పోవాలి. కొలిసేరు. పోతాది ఎల్లమని కర్ర లారీ మీదే ఏసేరు. మళ్ళీ అదిగో, ఆ గొలుసుల కాడ తల బయటెట్టి ఇన్నాను. గలగలమనలేదు."

"అబద్ధం," అన్నాడు సన్యాసిరావు.

"నాకు అబద్ధం సెప్పీ తెలివే ఉంటే ఆ జైలికి ఎందుకెల్తాను బాబూ," అన్నాడు అప్పలరాజు నీరసంగా. "నేను సచ్చిపోతే ఇంటికాడ నా పెళ్ళాం ఒక్కర్తే ఉంటాది. దానికి నెలలు నిండినాయి. ఈ మాట దానికి ఎవులు సెప్తారో అదే భయం."

త్రినాధరావు గొలుసుల వైపు నడిచాడు.

గొలుసులంటే, వంతెనకు కొంత ఇవతల రోడ్డుకు అటూ ఇటూ నాటిన రెండు స్తంభాలు, వాటి మీద అడ్డంగా వేసిన ఇనుపకమ్మీ, దానికి వరసగా వేలాడే గొలుసులు. గొలుసుల చివర్లు వంతెన దూలాల ఎత్తుకన్నా బొటనవేలి మందం కిందకు ఉంటాయి. లోడు గొలుసులకు తగిలి గలగలమంటే డ్రైవరు అక్కడే ఆగాలి. తగలకపోతే వంతెన కింద నుంచి నిక్షేపంగా పోవచ్చు. చుట్టుపక్కల లారీలవాళ్ళకు దేవుడి మీద ఎంత నమ్మకమో ఆ గొలుసుల మీద అంత నమ్మకం.

బాయిలరుకు తుప్పు పట్టకుండా ఎర్రరంగు పూశారు. ఇంకా చేతికి అంటుతోంది. వంతెన దూలం మీద ఎర్రటి చార మూరెడు పొడుగున ఉంది. త్రినాధరావు గొలుసులు ఒక్కొక్కటీ పట్టుకుని చూశాడు. తుప్పు తప్ప ఎర్రచుక్క కూడా లేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, బాయిలరు గొలుసులకు తగల్లేదు."

"గొలుసులు దాటాక వీడు కింద దుంగలు పెట్టి లేపి ఉంటాడు."

"ఒక్కడా? క్రేనుతో ఎక్కించిన బాయిలరును?"

సన్యాసిరావు మీసం దువ్వుకున్నాడు. "అయితే గొలుసులే పైకి కట్టి ఉంటాడు."

"అది మాత్రం అడగాల్సిన ప్రశ్న. కొలుద్దాం."

ఈ వంతెన బాగోగులు చూసే ఓవర్సీర్ సూర్యనారాయణ రోడ్డు పక్కన ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, ఖాకీ నిక్కరు, చేతిలో టోపీ. దిగివచ్చిన ప్రయాణికులు ఒక్కొక్కరే వచ్చి అతనికి దణ్ణం పెట్టి పోతున్నారు. లారీ గుద్దగానే ఎర్రయ్యను పైకి పరుగెత్తించి, పట్టాల మీద పేలుడు బిళ్ళలు పెట్టించి రైలు ఆపించింది అతనేనని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. చక్రం ఎక్కగానే ఆ బిళ్ళలు ఠాప్పుమంటాయి. ఆ చప్పుడు వింటే ఏ డ్రైవరయినా బ్రేకు వెయ్యాల్సిందే. ఒక ముసలాయన సూర్యనారాయణ కాళ్ళు పట్టుకోబోతే చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"మీ కొలతకర్ర ఒకసారి ఇస్తారా?" అన్నాడు త్రినాధరావు.

ఓవర్సీరు లారీ పక్కన పడి ఉన్న వెదురుకర్ర చూపించాడు. చివర ఇత్తడి తొడుగు. సరిగ్గా గొలుసుల ఎత్తుకు కోసిన కర్ర అది. గొలుసుల కింద నిలబెడితే ఇత్తడి కొస గొలుసు చివరను ముద్దు పెట్టుకున్నట్టు ఆనింది. గొలుసుల్లో మోసం లేదు.

"ఇక వంతెన కింద. మీరు కూడా రండి ఓవర్సీర్ గారూ. కర్ర పట్టుకోవడం మీకు అలవాటు."

సూర్యనారాయణ లేచాడు. నాలుగడుగులు వేసి గోడ పక్కన ఆగిపోయాడు. "ఇక్కడ కొలవండి. మధ్యకు వద్దు. ఇంజను బరువు దాని మీదే ఉంది."

మాట నిజమే. త్రినాధరావు తల ఎత్తి చూశాడు. నాలుగు కాంక్రీటు దూలాలు, వాటి మీద పలక, పలక మీద పట్టాలు, పట్టాల మీద నిప్పులు కక్కే ఇంజను. పైనుంచి వేడినీటి బొట్టు ఒకటి మెడ మీద పడింది. తుపాకీ ముందు నిలబడ్డ రోజులున్నాయి అతనికి. తుపాకీకి వెనక ఒక మనిషి ఉంటాడు, వాడితో మాట్లాడవచ్చు. నెత్తిన ఉన్న ఈ బరువుతో ఏం మాట్లాడతాడు?

గోడ పక్కన కర్ర నిటారుగా నిలబడింది. కొసకూ దూలానికీ మధ్య బొటనవేలు పట్టేంత సందుంది. అక్కడ అంతా సరిగ్గా ఉంది.

అతను కర్ర తీసుకుని మధ్యకు నడిచాడు.

"త్రినాధరావు గారూ, వెనక్కి రండి," అన్నాడు సన్యాసిరావు. శత్రువు గొంతులో కూడా భయం తొంగిచూసింది.

లారీ గుద్దింది ముందు దూలాన్ని. ఆ దూలం నడిమిన కర్ర నిలబెట్టబోయాడు. నిలబడలేదు. కింద కొస రోడ్డుకు ఆనితే పై కొస దూలానికి అడ్డం పడుతోంది. మళ్ళీ ప్రయత్నించాడు. పక్కకు వంచితే తప్ప కర్ర పట్టడం లేదు. వెనక దూలాలకు పెట్టి చూశాడు. అక్కడ చక్కగా నిలబడింది. ముందు దూలం ఒక్కటే నడుం వంగి రెండంగుళాలు కిందకు దిగి ఉంది.

లారీ వంతెన ఎత్తుకు ఎగబాకలేదు. వంతెనే లారీ మీదికి దిగింది.

దూలం మీద సున్నం కొట్టిన చోట కొత్తగా అతికిన కాంక్రీటు ఉంది. జేబులోంచి చిన్న కత్తి తీసి గుచ్చాడు. రాయిలా ఉండాల్సిన చోట కత్తి సగం దాకా దిగబడింది. బయటికి లాగితే అంచున తడిమట్టిలాంటి ముద్ద అంటుకుని వచ్చింది. ఆ సందులోంచి ఎర్రచీమలు బిలబిలమని బయటికి వచ్చి అతని వేళ్ళ మీదికి ఎక్కాయి.

చిటచిట. మళ్ళీ అదే చప్పుడు, ఈసారి దగ్గరగా. త్రినాధరావు వెనక్కి దూకాడు. అంతకు ముందు అతను నిలబడ్డ చోట కొబ్బరికాయంత పెచ్చు పడి పగిలింది.

అప్పటికి స్టేషను నుంచి మరమ్మతు మనుషులు ట్రాలీ మీద పట్టాల దుంగలు తెచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వంతెన కిందకు దూరారు. అడ్డం ఒక వరస, నిలువు ఒక వరస పేర్చుకుంటూ దూలం దాకా దొంతి లేపారు. ఎవడో తుమ్మబోయి ముక్కు నులుముకున్నాడు. చివరి దుంగకు మేకు బిగించి, మేస్త్రీ ఎర్రజెండా దించి పచ్చజెండా చూపించాడు.

ఇంజను ఒక్క నిట్టూర్పు విడిచింది. చక్రాలు వెనక్కి కదిలాయి. దుంగల దొంతి కిర్రుమంది. రోడ్డు మీద ఉన్న జనం నోళ్ళలో దేవుళ్ళ పేర్లు ఆడుతున్నాయి. ఒక చక్రం, ఇంకో చక్రం, మూడోది. ఇంజను గట్టు మీదికి చేరింది.

అంతే. బరువు తీసిన దూలం ఒక్కసారి పైకి ఎగదన్నింది. అతికిన కాంక్రీటంతా ఒకే ముద్దగా ఊడి, పేడతట్ట బోర్లించినట్టు దబ్బుమని రోడ్డు మీద పడింది. వెనక ఇనుపకమ్మీలు పక్కటెముకల్లా బయటపడ్డాయి.

త్రినాధరావు ఆ ముద్ద పక్కన కూర్చుని కాస్త చిదిమి వాసన చూశాడు. "ఈ అతుకు వేసింది ఎవరు?"

"నానే బాబూ," అన్నాడు దుంగలు పేర్చిన మేస్త్రీ పోతన్న. అరవై దాటిన మనిషి. మొహంలో నెత్తురుచుక్క లేదు. "నెల్రోజుల కిందట గడ్డిలారీ తగిలి పెచ్చూడిపోయింది. కమ్మీలు సరిసేసి, కింద దుంగలెట్టి, సిమిట్టు కొట్టేను. ఇలగెందుకయ్యిందో నాకు తెలీదు బాబూ. నా సేతి పని ఎప్పుడూ ఇలగవ్వలేదు."

"అందులో ఏం కలిపావు?"

"ఏటి కలుపుతాను? ఇసక, సిమిట్టు, కంకర. నీళ్ళలో బెల్లం కలిపేను."

"బెల్లమా?" అన్నాడు సన్యాసిరావు.

"అదేటి బాబూ అలగంటారు. మా తాతలనాటి నుంచి సున్నంలో బెల్లంనీళ్ళు, కరక్కాయనీళ్ళు పోసే కదా కట్టింది. ఈ ఊళ్ళో ఏ పాతగోడయినా గునపం దిగదు. పైన రైలెల్తాది, గట్టిగుండాలని నా ఇంటికాడి బెల్లం అచ్చు పగలగొట్టి తెచ్చేను. మేలు రకం బాబూ. పిల్లలకి కూడా ఎట్టనేదు."

ఎవరూ నవ్వలేదు. త్రినాధరావు మెల్లగా తల తిప్పాడు. "ఓవర్సీర్ గారూ, సిమెంటులో బెల్లం పడితే ఏమవుతుంది?"

"గట్టిపడదు," అన్నాడు సూర్యనారాయణ.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"అది... చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు."

"సిమెంటు సంగతి అడగలేదు. ఈ దూలం సంగతి అడిగాను."

ఓవర్సీరు టోపీ అంచు నలుపుతూ ఉండిపోయాడు. జవాబు పోతన్న చెప్పాడు. "కాంక్రీటేసిన నాడు బాబుగారు నేరు, కేంపు ఎల్లేరు. దుంగలు తీసేసిన తరవాత వచ్చి సుత్తితో కొట్టి సూసేరు. ఏటేటి కలిపేవని అడిగితే ఇలగే సెప్పేను. ఏటీ అననేదు. పైన సున్నం కొట్టీమన్నారు."

"చూశారా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"ఏం చూడాలి?" సన్యాసిరావు ముందుకు వచ్చాడు. "పనిలో తప్పు జరిగింది. పై ఆఫీసరు విచారిస్తాడు. దానికీ హత్యకూ ఏం సంబంధం? లారీ గుద్దింది, దూలం కుంగింది, పెచ్చు ఊడింది, మనిషి చచ్చాడు."

"లారీ గుద్దాకే దూలం కుంగిందంటారు."

"అంతేగా మరి?"

"గొలుసులు దాటిన లోడు వంతెన దాటాలి. కుంగని దూలానికి లారీ ఎలా తగిలిందండీ?"

సన్యాసిరావు అయినా ఓడిపోయే రకం కాదు. "సరే. ముందే కుంగింది. ఓవర్సీరు గమనించలేదు. రోజుకు పాతిక పనులున్న మనిషి. పైగా ఇవాళ రైలు ఆపి వందల మందిని కాపాడాడు. ఆయన మీద వేలు చూపిస్తే ఈ జనమే మిమ్మల్ని తంతారు."

"తన్నేముందు ఆవిడ మాట కూడా విందాం."

త్రినాధరావు శవం దగ్గరకు వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. "నీ పేరేంటమ్మా?"

"సోమాలమ్మ. పూడిమడక."

"ఇంతసేపూ ఇక్కడే ఉన్నావు. ఎర్రయ్య నీకేమవుతాడు?"

"ఏటీ అవ్వడు." ఆమె ఈగను తోలింది. "సంతకెల్లీ రోజు ఈ వంతెన నీడకి బుట్ట దింపుతాను. తాగడానికి నీళ్ళిచ్చీవోడు. బావా అని పిలిసేదాన్ని. ఓ రెండు ఎండు సావిడాయి సేపలు ఇత్తే, ముల్లే తప్ప సేపేదే అని ఏలాకోలం ఆడీవోడు. పోలీసు బాబు నన్నేటీ అడగనేదు. కంపు, అవతలికి పో అన్నాడు."

సన్యాసిరావు దగ్గాడు.

"నేను అడుగుతున్నాను. నువ్వు చూసింది చూసినట్టు చెప్పు."

"ఆ టోపీ బాబు సైకిలు మీద వచ్చేడు. నాను వంతెన కిందే అవతలి గోడ నీడన ఉన్నాను, నన్ను సూడనేదు. బావకి ఓ రేకుడబ్బా ఇచ్చి, దూరంగా ఎల్లి పట్టాల మీద ఎట్టు, రైలాగినా నువ్వక్కడే ఉండు, కిందకి రావద్దు అన్నాడు. బావ పైకెల్లేడు. తరవాత పైన ఠాప్ ఠాప్‌మని పేలినాయి. రైలు కీసుమంటా వచ్చి నెత్తి మీద ఆగింది. బావ గట్టు దిగి పరిగెత్తుకొచ్చేడు. లే సోమాలూ, లే, లారీ వత్తంది, ఏదో తేడాగుంది అని నన్నూ బుట్టనీ ఒక్క తోపు తోసేడు." ఆమె ఆగింది. కొంగు చేతిలోనే ఉండిపోయింది. "అప్పుడు గుద్దింది బాబూ లారీ."

"ముందు పేలుళ్ళా, ముందు లారీనా?"

"సెప్పేను కదా. పేలినాయి, రైలాగింది, బావ వచ్చేడు, లారీ గుద్దింది."

"చేపలమ్మే దాని మాట మీద..." అని సన్యాసిరావు మొదలుపెట్టాడు.

"వద్దు. ఇంజను డ్రైవరు మాట మీద అయితే సరేనా?"

ఇంజను డ్రైవరు అప్పుడే గట్టు దిగివస్తున్నాడు. మసి పట్టిన మొహం మీద చెమట చారలు. త్రినాధరావు అడిగింది ఒక్కటే ప్రశ్న. "లారీ గుద్దినప్పుడు మీ బండి నడుస్తోందా, ఆగి ఉందా?"

"ఆగి ఉందండి. బిళ్ళలు పేలాయి, బ్రేకు కొట్టాను. బిళ్ళలు మరీ దగ్గర పెట్టారు, అందుకే ముందు చక్రాలు వంతెనెక్కేశాయి. దిగి చూద్దామనుకుంటుండగా కింద దభీమంది. నా కాళ్ళ కింద బండి ఊగింది. ప్రాణం పోయిందనుకున్నాను."

ఓవర్సీరుకు దణ్ణం పెట్టిన ముసలాయన తన చేతులు తనే చూసుకున్నాడు.

"దూరంగా పెట్టి ఉంటే రైలు కనుచూపు మేర అవతల ఆగేది," అన్నాడు త్రినాధరావు. "ముందు ఏది జరిగిందో ఎవరికీ తెలిసేది కాదు. ఎర్రయ్య లారీని చూసి కంగారుపడి దగ్గరే పెట్టి కిందకు పరుగెత్తుకు వచ్చాడు. మీ లెక్క అక్కడ తప్పింది ఓవర్సీర్ గారూ."

"నేను..." సూర్యనారాయణ పెదవులు తడుపుకున్నాడు. "నేను లారీని దూరం నుంచి చూశాను. తగులుతుందేమోనని అనుమానం వచ్చింది. ముందుజాగ్రత్తగా రైలు ఆపించాను. తప్పా?"

"తప్పు కాదు. మంచి పని. రైలు ఆపడానికి మనిషిని పంపారు. మీరు రోడ్డు మీదే ఉన్నారు. లారీ మీ ముందు నుంచే వెళ్ళింది. దాన్ని ఆపడానికి చెయ్యి ఎందుకు ఎత్తలేదు?"

సూర్యనారాయణ చేతిలోంచి టోపీ కిందపడింది. వంగి తీసుకోలేదు.

స్తంభం దగ్గర అప్పలరాజు కళ్ళు తెరిచాడు. "నాకు సెయ్యూపేరు బాబూ," అన్నాడు మెల్లగా. "రా రా అని ఊపేరు."

"కుంగిన దూలం సంగతి పైకి చెబితే ఉద్యోగం పోతుంది," అన్నాడు త్రినాధరావు. "యుద్ధకాలం, సైనికుల లైను, జైలు కూడా. అదే ఒక లారీ గుద్ది పాడుచేస్తే? తప్పు లారీది. దూలం కొత్తగా పోస్తారు, పాతది ఎవడూ చూడడు. గొలుసులకు అందకుండా, కుంగిన దూలానికి మాత్రం అందే లోడు కోసం కాచుకున్నారు. ఇవాళ దొరికింది. కొలిచిందీ మీరే, పొమ్మన్నదీ మీరే."

సూర్యనారాయణ గొంతు తనది కానట్టు ఉంది.

"ప్రతి రైలుకూ వచ్చి ఇక్కడే నిలబడ్డాను. పగలూ రాత్రీ. దూలం ఎంత దిగిందో చూసుకుంటూ. నిద్రలో కూడా ఆ చప్పుడే. ఇంకొక్క రైలు కూడా దాని మీద పోనివ్వలేను. చెప్పడానికి నోరు రాలేదు. ఎవరికీ ఏమీ కాకూడదనే ఎర్రయ్యను పైకి పంపాను." అతను గోనెపట్టా వైపు చూడలేక గోడ వైపు తిరిగాడు. "కింద ఎవరూ లేరనుకున్నాను."

"నాను ఉన్నాను," అంది సోమాలమ్మ.

అనకాపల్లి వైపు నుంచి దుమ్ము లేపుకుంటూ మిలిటరీ వ్యాను వచ్చింది. గొలుసుల కింద నుంచి చప్పుడు లేకుండా దూరి, జనం ముందు ఆగింది. ఇద్దరు సిపాయిలు తుపాకులతో దిగారు. వాళ్ళ వెనక దిగిన సుబేదారు ఎవరినీ పలకరించలేదు. పగిలిన దూలం చూశాడు, శవం చూశాడు, తాడు చివర ఉన్న మనిషిని చూశాడు. ఇద్దరు సిపాయిలూ చెప్పకుండానే అప్పలరాజు వైపు నడిచారు. ఒకడు అప్పుడే జబ్బ పట్టుకున్నాడు.

"బాబూ..." అన్నాడు అప్పలరాజు. అది ఎవరిని ఉద్దేశించిందో తెలియలేదు.

సుబేదారు కాగితం తీసి తొడ మీద పెట్టుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్, ముద్దాయి పేరు?"

త్రినాధరావు పెదవి కదపలేదు. అతను చెబితే అది ఒక ప్రైవేటు మనిషి మాట. ఆ కాగితం మీద ఎక్కేది ఇన్‌స్పెక్టరు మాట ఒక్కటే. అది అతనికీ తెలుసు, సన్యాసిరావుకూ తెలుసు. అప్పలరాజు పేరు చెప్పి ఇందాక వాల్తేరుకు టెలిగ్రాం కొట్టింది సన్యాసిరావే. ఇప్పుడు ఇంకో పేరు చెబితే ఎలమంచిలి తరవాత ఇది రెండోది అవుతుంది. డిపార్టుమెంటంతా నవ్వుతుంది.

సన్యాసిరావు మెడ మీద చెమట కారుతోంది. అతను ముందు త్రినాధరావును చూశాడు, చూసి ద్వేషంగా మొహం తిప్పుకున్నాడు. తరవాత అప్పలరాజు నుదుటి మీద ఎండిన రక్తాన్ని చూశాడు. చివరికి కొంగుతో ఈగలు తోలుతున్న సోమాలమ్మ దగ్గర అతని చూపు ఆగింది. ఆమె కూడా చెయ్యి ఆపి అతన్నే చూస్తోంది.

"ముద్దాయి పేరు అడిగాను," అన్నాడు సుబేదారు.

సన్యాసిరావు వెళ్ళి సిపాయి చేతిని అప్పలరాజు జబ్బ మీది నుంచి తనే తీసేశాడు. తాడు ముడి విప్పాడు. ఆ తాడు పట్టుకుని గోడ దగ్గరకు నడిచి, అక్కడ నిలబడ్డ మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"రాసుకోండి," అన్నాడు, జనమంతటికీ వినిపించేలా. "ఓవర్సీర్ సూర్యనారాయణ."